కేస్ షీట్లో ప్రశ్న గుర్తుని ఇంగ్లీషులో ఎట్లా రాయాలి: దిల్‌సుఖ్‌నగర్ ఓఈటీ రైటింగ్ క్లాసు గురించి

ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలో రైటింగ్ దగ్గర ఆగిపోయిన నర్సులకి ఈ క్లాసు గట్టిగా పనికొస్తుంది. లిజనింగ్, రీడింగ్ కూడా అక్కడే నేర్చేసుకుందాం అనుకునేవాళ్ళు మాత్రం డబ్బులు దాచుకోండి. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతావాళ్ళకి ఎందుకో చెప్తాను, కాస్త పొడుగే.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి లోపలి సందుల్లోకి నడిస్తే వచ్చే ఒక పాత అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. బోర్డు లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మేడం తన ముందుగదిలోనే నడుపుతారు. పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దన్నారు. పన్నెండు మందికి మించి కూర్చోబెట్టడానికి చోటు లేదట. మీ హాస్పిటల్లో యూకేకి ప్రయత్నాల్లో ఉన్న సిస్టర్ ఎవరినైనా అడగండి, నంబరు దొరుకుతుంది. ఆరు వారాలకి ఏడు వేలు. శనివారం సాయంత్రం ఒక బ్యాచ్, ఆదివారం పొద్దున ఒక బ్యాచ్. నాది ఆదివారం, అంటే శనివారం నైట్ డ్యూటీ దిగి మొహం కడుక్కుని నేరుగా వచ్చేవాళ్ళ బ్యాచ్. అది తెలిసే కాబోలు, మేడం ముందు అందరికీ కాఫీ ఇచ్చి తర్వాతే కాగితాలు పంచుతారు.

ఓఈటీ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఫిజియోలు ఇట్లా 12 వైద్య వృత్తులవాళ్ళ కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష ఇది, పుట్టింది ఆస్ట్రేలియాలో. రైటింగ్‌కి 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ చదవడానికే, పెన్ను ముట్టుకోకూడదు. మిగతా 40 నిమిషాల్లో ఒక ఉత్తరం రాయాలి. రిఫరల్ కావచ్చు, డిశ్చార్జి కావచ్చు, 180 నుంచి 200 మాటల దాకా. యూకే నర్సింగ్ కౌన్సిల్ మిగతా మూడు సెక్షన్లలో 350 అడుగుతుంది, రైటింగ్‌లో 300 వస్తే ఒప్పుకుంటుంది. వినడానికి సులువే. మిగతా మూడూ గట్టెక్కి ఈ ఒక్కదాని దగ్గర 280, 290 అంటూ వేలాడేవాళ్ళు మా మెడికల్ వార్డు ఒక్కదాంట్లోనే ఎంతమందో.

వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదని కాదు. స్పెల్లింగులు బాగానే ఉంటాయి, టెన్సులూ బాగానే ఉంటాయి. కేస్ షీట్లో డయాగ్నసిస్ ముందు డాక్టరు గారు పెట్టే ఆ చిన్న ప్రశ్న గుర్తు ఉంటుంది చూడండి, అసలు తంటా దానితో. '? డెంగీ' అని ఉంటుంది, అంటే డెంగీ అని అనుమానం, ఇంకా తేలలేదు. '? యూటీఐ' (మూత్రంలో ఇన్ఫెక్షన్) అని ఉంటుంది. 'కే/సీ/ఓ డయాబెటిస్' అంటే షుగరు ఎప్పుడో తేలిపోయిన సంగతి, 'ఆర్/ఓ ఎంఐ' అంటే గుండెపోటు కాదని ముందు తేల్చుకోండి అని. వార్డులో ఇవన్నీ నిద్రలో కూడా అర్థమవుతాయి మనకి. అదే ప్రశ్న గుర్తుని పూర్తి ఇంగ్లీషు వాక్యంగా విప్పమంటే సగం మంది 'షీ హ్యాజ్ డెంగీ' అని రాసేస్తారు, మిగతా సగం 'షీ కెన్ హ్యావ్ డెంగీ' అంటారు. మొదటి వాక్యంలో డాక్టరు అనని మాట మనం అన్నట్టయింది. రెండోది మనం తప్ప ఎవరూ మాట్లాడని ఇంగ్లీషు.

మేడం ఆరు వారాలూ దాదాపు ఈ ఒక్క ప్రశ్న గుర్తు మీదే గడుపుతారు. వినేవాళ్ళకి ఇదేం క్లాసు అనిపిస్తుంది. మొదటి ఆదివారం పక్కనున్న అమ్మాయి నా చెవిలో అదే అంది.

ఆవిడ పద్ధతి ఇదీ. కేస్ నోట్స్ ఇచ్చాక ఉత్తరం రాయనివ్వరు. లాంగ్ నోట్‌బుక్కులో పేజీకి ఎడమవైపు ఒక గీత కొట్టిస్తారు. ప్రతి పాయింటుకీ ఆ గీత పక్కన ఒక మాట రాయాలి: ఎవరు చెప్పారు. 'పేషెంటు', 'భర్త', 'మేం చూశాం', 'కొలిచాం', 'టెస్టు', 'ఊహ'. అంతే. 'కెన్', 'మే', 'మస్ట్' లాంటి మోడల్ వెర్బుల ఊసే ఉండదు ఆ పూట. మరుసటి వారం అదే పేజీ తీయించి, ఈసారి కుడివైపు ఇంగ్లీషు వాక్యం రాయిస్తారు. ఎడమవైపు 'కొలిచాం' అని ఉన్నచోట 'మే' రాస్తే ఎర్ర ఇంకు పడుతుంది, 'ఊహ' అని ఉన్నచోట 'ఈజ్' రాసినా ఎర్ర ఇంకే.

ఒక కేసు చెప్తేగానీ ఇది బుర్రకెక్కదు. మాకిచ్చిన నోట్సు: 68 ఏళ్ళ ఆవిడ, రాత్రి బాత్‌రూములో పడిపోయింది. ఎవరూ చూడలేదు. మూడు రోజుల కిందే ప్రజోసిన్ అనే బీపీ మందు కొత్తగా మొదలుపెట్టారు. లేచినప్పుడల్లా కళ్ళు తిరుగుతున్నాయని అప్పటి నుంచీ అంటోందని భర్త చెప్పాడు. పడుకున్నప్పుడు బీపీ 130/80, నిలబెట్టి చూస్తే 105/70. కుడి మణికట్టు వాచింది, '? ఫ్రాక్చర్', ఎక్స్‌రే ఇంకా రాలేదు. షుగరు 110.

మేం పన్నెండు మందిమీ పన్నెండు రకాలుగా రాశాం. ఒకమ్మాయి 'ప్రజోసిన్ కెన్ హ్యావ్ కాజ్డ్ ద ఫాల్' అంది. మేడం ఆ వాక్యం బోర్డు మీద రాసి, దాన్ని రెండు ముక్కలు చేశారు. ప్రజోసిన్ అనే మందుకి ఆ గుణం ఉంది, ఎవరికైనా కళ్ళు తిరిగేట్టు చేయగలదు: అది మందు సంగతి, 'కెన్' సరిపోతుంది. ఈవిడ నిన్న రాత్రి పడింది ఆ మందు వల్లేనా: అది ఈ పేషెంటు సంగతి, ఒక్కసారి జరిగిపోయిన సంగతి. ఇక్కడ 'మే హ్యావ్ కాజ్డ్' అనాలి, లేదా 'కుడ్ హ్యావ్ కాజ్డ్'. 'కెన్ హ్యావ్' అనేది ప్రశ్నలోనో కాదనడంలోనో వస్తుందిగానీ మామూలు వాక్యంలో రాదు. నిలబెడితే పై బీపీ 25 పడిందన్నది కొలిచిన సంగతి, కాబట్టి దానికి ఏ 'మే' అక్కర్లేదు, 'డ్రాప్డ్' అంతే. మణికట్టుకి 'మే హ్యావ్ ఎ ఫ్రాక్చర్', ఎక్స్‌రే చూడాలి అని పక్కనే రాయాలి. 'షీ మస్ట్ హ్యావ్ స్లిప్డ్' అని రాసిన ఆవిడని మాత్రం, 'నువ్వక్కడున్నావా అమ్మా?' అని అడిగారు. నేల తడిగా ఉందని నోట్సులో ఎక్కడా లేదు. ఆధారం లేని చోట 'మస్ట్' పెడితే, చదివే డాక్టరు నీ దగ్గర ఇంకేదో సాక్ష్యం ఉందనుకుంటాడని ఆవిడ వాదన.

'మస్ట్' గురించి ఆవిడ చెప్పిందొకటి నాకు ఇంతకుముందు ఏ కోచింగులోనూ దొరకలేదు. మనందరికీ అది అన్నిటికన్నా గట్టి మాట అనిపిస్తుంది కదా. అది 'ఈజ్' కంటే బలహీనం. హెచ్‌బీఏ1సీ (షుగరు టెస్టు) 9.2 అని రిపోర్టు చేతిలో పెట్టుకుని 'షీ మస్ట్ బి డయాబెటిక్' అని రాస్తే, రిపోర్టు చూడకుండా లెక్క కట్టినట్టుంటుంది. మనమూ అంతే కదా, ఎదురుగా కూర్చున్న మనిషిని చూపించి 'వాడు ఇంట్లోనే ఉండి ఉండాలి' అనం. తేలిన సంగతికి ఉత్త క్రియే గట్టిది.

'కెన్' తప్పు మన నోటికి ఎందుకంత అలవాటో కూడా చెప్పారు. తెలుగులో ఒక్క 'వచ్చు'తో అన్నీ నడిపేస్తాం. ఇంటికెళ్ళొచ్చు అంటే అనుమతి, వాన పడొచ్చు అంటే అనుమానం. స్కూల్లో 'వచ్చు' అంటే 'కెన్' అని బట్టీ పట్టించారు, అక్కడి నుంచి 'ఇట్ కెన్ బి డెంగీ' దాకా తిన్నని దారి. మా బ్యాచ్‌లోని ఇద్దరు మలయాళీ అమ్మాయిలూ అదే దారిలో వచ్చారు, కాబట్టి ఇది మన ఒక్కళ్ళ రోగం కాదు.

ఈ క్లాసుకి డబ్బులు కట్టినందుకు నాకు నిజంగా గిట్టుబాటయింది కాదనే వాక్యాల దగ్గర. నాలుగో వారం అంతా అవే. జ్వరం వచ్చి ఆరో రోజు, డెంగీ ఎన్‌ఎస్1 టెస్టు నెగెటివ్, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి: ఇది కేసు. వార్డులో పనిచేసేవాళ్ళెవరికైనా తెలుసు, ఎన్‌ఎస్1 మొదటి నాలుగైదు రోజుల్లో బాగా పట్టుకుంటుంది, ఆ తర్వాత నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదని కాదు, ఐజీఎం అనే ఇంకో రక్త పరీక్ష చూడాలి. అంటే మనం చెప్పదలచుకున్నది 'డెంగీ కాకపోవచ్చు, కానీ తీసేయలేం' అని. బ్యాచ్‌లో ముగ్గురు 'ఇట్ కుడ్ నాట్ బి డెంగీ' అని రాశారు. 'కుడ్'కి 'నాట్' తగిలిస్తే 'కాకపోవచ్చు' అవుతుందని వాళ్ళ లెక్క. అవ్వదు. 'కుడ్ బి' అంటే అయ్యే వీలుంది అని, 'కుడ్ నాట్ బి' అంటే అయ్యే వీలే లేదు అని. తలుపు మూసేసినట్టే. 'కాకపోవచ్చు' కావాలంటే 'మే నాట్ బి', 'మైట్ నాట్ బి' రాయాలి. ఆ ఉత్తరం అందుకున్న చోట ఐజీఎం ఎవరూ పంపకపోతే ఏమవుతుందో నర్సులకి వేరే చెప్పక్కర్లేదు. మేడం కూడా చెప్పలేదు, బోర్డు మీద రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాసి, కాసేపు కాఫీ గ్లాసులు తీయడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

'మస్ట్' కూడా తిరగబడితే అట్లాగే మోసం చేస్తుంది. 'అయి ఉండాలి'కి 'మస్ట్ బి', సరే. 'అయి ఉండదు' అని గట్టిగా అనాలంటే 'మస్ట్ నాట్ బి' కాదు, 'కాంట్ బి'. 'మస్ట్ నాట్' అంటే చేయకూడదని ఆజ్ఞ. ఇంకొకటి, 'ద పేషెంట్ మే నాట్ ఈట్'. ఆపరేషనుకి ముందు రాత్రి నుంచి ఎన్‌పీఓ (నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని) పెట్టిన పేషెంటు గురించి ఈ వాక్యం రాస్తే, తినకూడదని చదువుకునేవాళ్ళు చదువుకుంటారు, తినకపోవచ్చులే అని చదువుకునేవాళ్ళూ ఉంటారు. ఇట్లాంటి చోట 'మే' ఊసెత్తకండి, 'షుడ్ నాట్ బి గివెన్ ఎనీథింగ్ బై మౌత్' అని బారుగా రాసేయండి అన్నారు. రెండొందల మాటల ఉత్తరంలో ఐదారు మాటలు ఎక్కువైనా ఫరవాలేదని ఆవిడ ఒప్పుకున్న ఒకే ఒక్క చోటు అది.

'షుడ్' దగ్గర అందరం నవ్వుకున్నాం. జరుగుతుందని ఎదురుచూసేదానికి 'షుడ్' వాడొచ్చు: 'ద రిపోర్ట్ షుడ్ బి రెడీ బై ఈవెనింగ్'. ఒక సిస్టర్ అదే వరసలో 'ద ప్లేట్‌లెట్స్ షుడ్ ఫాల్ ఫర్దర్' అని రాసింది. జ్వరం తగ్గాక ప్లేట్‌లెట్లు ఇంకా పడే అవకాశం ఉంది, ఆవిడకి సబ్జెక్టు తెలుసు. కానీ ఆ వాక్యం చదివితే ప్లేట్‌లెట్లు పడాలని ఆవిడ మొక్కుకున్నట్టుంది. మంచి జరుగుతుందనుకున్నప్పుడే 'షుడ్', చెడు జరిగేట్టుంటే 'మే' రాయండి, లేదా 'ఆర్ లైక్లీ టు' అనండి.

ఇక ఇన్సిడెంట్ రిపోర్టులు రాసేవాళ్ళందరూ 'కుడ్ హ్యావ్' పాఠం ఒక్కటైనా వినాలి. పరీక్షతో సంబంధం లేదు, ఉద్యోగం కోసం. 'ద నర్స్ కుడ్ హ్యావ్ ఇన్ఫార్మ్‌డ్ ద డాక్టర్.' చెప్పి ఉండొచ్చు అని మనసులో అనుకుని రాస్తాం, అనుమానంగా. చదివేవాళ్ళకి 'చెప్పగలిగీ చెప్పలేదు' అని వినపడుతుంది. నింద అన్నమాట. అనుమానమే అయితే 'మే హ్యావ్ ఇన్ఫార్మ్‌డ్' రాయాలి, ఇంకా మంచిది ఫోను రిజిస్టరు చూసి తేల్చుకుని 'ఇన్ఫార్మ్‌డ్' అని రాయడం. ఈ ఒక్క మాట వల్ల ఎవరికి మెమో వచ్చిందో, ఏ హాస్పిటల్లోనో నేను చెప్పనుగానీ, క్లాసులో ఆ కథ ఒకరు చెప్పగానే గదంతా గొల్లుమంది.

ఇప్పుడు శాతాల పట్టిక సంగతి. నేను అంతకుముందు డబ్బు కట్టిన ఒక ఆన్‌లైన్ కోర్సులో మొదటి రోజే రంగుల పట్టిక ఇచ్చారు. 'మస్ట్' 95 శాతం, 'షుడ్' 80, 'మే' 50, 'మైట్' 30, 'కుడ్' 20. దాన్ని నేను ఫోనులో వాల్‌పేపరుగా కూడా పెట్టుకున్నాను. ఈ మేడం ముందు ఎవరో ఆ పట్టిక తీస్తే, 'ఎవరు కొలిచారమ్మా ఇది?' అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. చెయ్యి పెట్టి చూసి జ్వరం 101.3 అని చార్టులో ఎక్కించినట్టే ఉంటుంది ఆ పట్టిక. మాటకి అంకె కావాలంటే ముందు కూర్చుని ఒప్పుకోవాలి. యూరప్‌లో మందుల పెట్టెల్లో వచ్చే కాగితాల మీద అట్లా ఒప్పుకున్నారు: సైడ్ ఎఫెక్టు 'కామన్' అంటే వందలో ఒకరి నుంచి పదిమందిలో ఒకరి దాకా, 'రేర్' అంటే పదివేలలో ఒకరి నుంచి వెయ్యిలో ఒకరి దాకా. 'మే'కీ 'మైట్'కీ అట్లాంటి ఒప్పందం ఏదీ లేదు. 'కుడ్' 20 అని, 'మైట్' 30 అని విడదీసి మాట్లాడే ఇంగ్లీషువాళ్ళు ఎక్కడా ఉండరు.

అంత చెప్పిన మేడమే మళ్ళీ 'మైట్' దగ్గర మొండికేస్తారు. ఆవిడ లెక్కలో 'మే' కంటే 'మైట్' ఎప్పుడూ ఒక మెట్టు కిందే. ఉత్తరంలో 'మైట్' కనపడితే గుండ్రంగా చుట్టి 'మే' అని పైన రాస్తారు. పాత వ్యాకరణాల ప్రకారం కరెక్టే కావచ్చు. ఇప్పుడు మాట్లాడేవాళ్ళలో చాలామంది రెండూ ఒకటిగానే వాడతారు, మాటల్లో అయితే 'మైట్' ఎక్కువ వినిపిస్తుంది. పరీక్షలో మార్కులు వేసేది ఆరు అంశాల మీద: ఉత్తరం ఎందుకో తెలిసిందా, విషయం సరిగా ఉందా, క్లుప్తంగా ఉందా, వరస, శైలి, భాష. 'మే'కి బదులు 'మైట్' రాస్తే తగ్గే మార్కు ఇందులో ఏదో నాకు కనపడలేదు. '? డెంగీ'ని 'హ్యాజ్ డెంగీ' చేస్తే మాత్రం విషయంలోనే దెబ్బ పడుతుంది. ఆ రెండింటికీ ఒకే ఎర్ర ఇంకు వాడటం నాకు నచ్చలేదు. చెప్పాను కూడా. 'నువ్వు అక్కడికెళ్ళాక నీ ఇష్టం, ఇక్కడ మాత్రం మే' అన్నారు.

ఎక్కువ జాగ్రత్త కూడా తప్పేనని ఆవిడ చెప్పే తీరు మాత్రం బాగుంటుంది. మనం ఇంట్లో 'బహుశా డెంగీయే అయ్యుండొచ్చేమో' అంటాం. ఒక్క వాక్యంలో మూడు అనుమానాలు, ఎవరికీ తేడాగా అనిపించదు, పైగా మర్యాదగా ఉంటుంది. అదే అలవాటుతో ఇంగ్లీషు ఉత్తరంలో 'పర్‌హ్యాప్స్ ఇట్ మే పాసిబ్లీ బి' అని పెడితే రాసినావిడ భయపడుతోందని తెలిసిపోతుంది. వాక్యానికి ఒక్క అనుమానం చాలు, రెండోది కొట్టేయండి. అట్లా కొట్టేసుకుంటూ పోతే నా ఉత్తరం 230 మాటల నుంచి 195కి దిగింది.

లోపాలు. దిద్దిన కాగితాలు ఒక వారం ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి రెండు వారాలు. అప్పటికి ఆ కేసు ఏంటో కూడా గుర్తుండదు. పరీక్ష ఇప్పుడు కంప్యూటరు మీద కూడా రాయొచ్చు, మా బ్యాచ్‌లో చాలామంది అదే బుక్ చేసుకున్నారు. మేడం మాత్రం చేత్తో రాసిందే దిద్దుతారు. టైపింగు అలవాటు మీరే ఇంట్లో చేసుకోవాలి. క్లాసు రెండు గంటలని చెప్తారు, రెండున్నర దాటకుండా ఎప్పుడూ వదల్లేదు. నైట్ దిగి వచ్చినవాళ్ళకి ఆ చివరి అరగంట నరకం. ఎవరైనా కునికితే మాత్రం ఏమీ అనరు, అది చెప్పాలి.

స్పీకింగ్ కూడా ఒక వారం చేయిస్తారు. అది తేలిపోయింది. పరీక్షలో రెండు రోల్ ప్లేలు ఉంటాయి, ఒక్కోటి ఐదు నిమిషాలు, ఎదుటివాళ్ళు పేషెంటుగానో బంధువుగానో మాట్లాడతారు. మేడం పేషెంటు వేషం వేస్తే మరీ బుద్ధిమంతురాలైన పేషెంటు అవుతారు, మనం ఏం చెప్పినా తలూపుతారు. నిజంగా వచ్చే పేషెంటు 'ఇది క్యాన్సరేనా సిస్టర్?' అని చెయ్యి పట్టుకుంటుంది. అక్కడ 'ఇట్ మే బి క్యాన్సర్' అన్నది వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉంటుంది, మనిషికి చెప్పే మాట మాత్రం కాదు. 'ఇట్ కుడ్ బి ఎ నంబర్ ఆఫ్ థింగ్స్', టెస్టు రిపోర్టు వచ్చాక డాక్టరు గారు మీతో కూర్చుని మాట్లాడతారు అని నడిపించాలి. కాగితం మీద ఆధారం చూసుకుని మాట వెతుక్కోవడం ఆవిడ నేర్పారు. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే ఆ మాట ఎట్లా అనాలో మా వార్డులో సీనియర్ సిస్టర్ల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను.

యాప్‌లో పెట్టి దిద్దించుకుంటే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. పెట్టి చూశాను. వ్యాకరణం చక్కగా దిద్దింది. కానీ 'మే హ్యావ్ ఎ ఫ్రాక్చర్'ని క్లుప్తంగా చేస్తానంటూ 'హ్యాజ్ ఎ ఫ్రాక్చర్' చేసి ఇచ్చింది. ఎక్స్‌రే రాలేదన్న సంగతి దానికి పట్టలేదు.

లాభం వార్డులో కూడా కనపడింది. స్కాన్ రిపోర్టుల్లో 'సజెస్టివ్ ఆఫ్', 'కెనాట్ బి రూల్డ్ ఔట్' అని ఉంటాయి కదా, ఇదివరకు పేషెంటు తరఫువాళ్ళు అడిగితే రెండిటికీ 'అదే అంటున్నారు' అని ఒకే జవాబు చెప్పేవాళ్ళం అందరం. మొదటిది అటువైపు మొగ్గు చూపిస్తోంది, రెండోది మొగ్గేమీ లేదు, లేదని చెప్పడానికి వీల్లేదు అంటోంది, అంతే. ఆ తేడా తెలుగులో కూడా చెప్పాలి, రెండోదాన్ని చూసి ఒకాయన ఆస్తి పంచేసుకునేదాకా వెళ్ళాడు మా దగ్గర.

నా రైటింగ్ 280 నుంచి 350కి వచ్చింది. అదంతా మేడం చలవే అననుగానీ, నేను చేసిన పనుల్లో కొత్తది ఆ ఎడమవైపు గీత ఒక్కటే. పరీక్షలో గీత కొట్టుకునే టైము ఉండదు, నోట్సు చదివే ఆ 5 నిమిషాల్లో మనసులోనే కొట్టుకుంటాం.

చేరేవాళ్ళకి: ఇంగ్లీషు వాక్యం అసలు నిలబడనివాళ్ళు ముందు ఇంకెక్కడైనా పునాది వేసుకుని రండి, ఇక్కడ టెన్సులు మళ్ళీ చెప్పరు. మీ వార్డు కేస్ షీట్లలో కనపడే పొట్టి రాతలన్నీ ఒక జాబితా రాసుకుని వెళ్ళండి, పేషెంటు వివరాలు మాత్రం వద్దు, చూస్తే ఆవిడకి కోపం వస్తుంది. దసరా తర్వాత కొత్త బ్యాచ్ ఉందట. డబ్బులు రెండు విడతల్లో కట్టొచ్చు, మధ్యలో మానేస్తే రెండో విడత అడగరు. రసీదు మాత్రం ఇవ్వరు.